ముందు దగ్గు, తరవాత అడుగు



స్టూడియోలోకి రాగానే ఇక్కడివాళ్ళు నాకొక జాగ్రత్త చెప్పారు. "మేస్టారూ, ఆ ఎర్రదీపం వెలగకముందే గొంతు సవరించేసుకోండి. వెలిగాక దగ్గితే ఇంటింటికీ వినబడిపోద్ది." సరేనన్నాను. కానీ నాది ఉద్దానంలోని బారువ. ఉద్దానం మనిషిని దగ్గొద్దంటే కష్టం. తెల్లారకముందు జీడితోటలోకి వెళ్ళేవాడు మా వైపు ముందు దగ్గుతాడు, తరవాత అడుగేస్తాడు. రొంప పట్టి కాదు. తోటలో ఎలుగుబంటి ఉంటే దానికి కబురందాలని. పూర్వం ఆడవాళ్ళున్న ఇంట్లోకి వెళ్ళేముందు పెద్దమనుషులు వాకిట్లో నిలబడి ఖళ్ళుమని దగ్గేవారు. ఇళ్ళకి కాలింగ్ బెల్లులొచ్చి ఆ మర్యాద పోయింది. తోటల్లో ఇంకా ఉంది.

ఇవాళ నన్ను మాట్లాడమన్నది అడవి జంతువుల మర్యాదల గురించీ, అలకల గురించీ, ఇరుగుపొరుగు తగువుల గురించీ. సఫారీకి వెళ్ళినవాళ్ళు చూసి నవ్వుకునే సంగతులన్నమాట. సఫారీ అంటే స్వాహిలీ భాషలో ప్రయాణం. అరబ్బీ 'సఫర్' నుంచి వచ్చింది. మాకు మాత్రం సఫారీ అంటే పొట్టిచేతుల కోటూ, అదే రంగు ప్యాంటూ. నా పెళ్ళికి మా మావగారు బిస్కెట్ రంగు సఫారీ కుట్టించారు. అది వేసుకొని నేను చేసిన ప్రయాణం టెక్కలి నుంచి బారువ దాకా.

అసలు సఫారీ చేసినవాడు మా మేనల్లుడు. మా ఊళ్ళ కుర్రాళ్ళు వెల్డింగనీ రిగ్గింగనీ గల్ఫుకీ సింగపూరుకీ వెళ్ళినట్టే, వీడు ఆఫ్రికాలో బోట్స్వానా వెళ్ళాడు. గాబరోన్‌లో ఉద్యోగం. ఆ దేశానికి ఉత్తరాన ఒకవాంగో అని పెద్ద నది ఉంది. అది సముద్రానికి చేరదు, ఎడారి ఇసకలోనే పాయలుపాయలుగా విచ్చుకుని అక్కడే ఇంకిపోతుంది. అక్కడ అడవికుక్కలుంటాయి. ఒంటినిండా నలుపు, తెలుపు, పసుపు మచ్చలు, చాటల్లాంటి చెవులు. మొన్న ఏప్రిల్లో మా వాడు సెలవుకొచ్చినప్పుడు వాటి వీడియోలు ఫోన్లో చూపించాడు.

పడుకున్న కుక్కలన్నీ ఒక్కొక్కటే లేచాయి. ఒళ్ళు విరుచుకున్నాయి. ఒకదాని మూతి ఒకటి నాకాయి, తోకలూపాయి, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగాయి. పెళ్ళివారి బస్సు కదిలేముందు విడిదింటి దగ్గర ఉండే హడావుడి చూడండి, అచ్చం అదే. అంతలో ఒకటి తుమ్మింది. ఇంకొకటి తుమ్మింది. మూడోది తుమ్మింది. గుంపంతా వేటకి బయల్దేరిపోయింది.

పక్కన కూర్చుని జీడిపిక్కలు ఏరుతున్న మా అప్ప చెయ్యాపేసింది. "ఓలమ్మ! తుమ్మినాక బయల్దేరతాయేటి? ఏటి వాటి ధైర్నం!"

మన తుమ్ము ప్రయాణానికి అడ్డు. ఎవరైనా తుమ్మితే చెప్పులు విప్పి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని గానీ గడప దాటం. అడవికుక్కల దగ్గర తుమ్మే ముహూర్తం. ఊసుపోక చెప్పే మాట కాదిది. ఒకవాంగోలో ఐదు కుక్కల గుంపుల వెంట తిరిగిన పరిశోధకులు ఆ తుమ్ములు లెక్కపెట్టి 2017లో ప్రచురించారు. ఎన్ని ఎక్కువ తుమ్ములు పడితే గుంపు కదిలే వీలు అంత ఎక్కువట. అది మనం చెయ్యెత్తి ఓటెయ్యడం లాంటిది. అందులోనూ హోదా ఉంది. గుంపుకి పెద్దలైన జంట లేచి 'పదండి' అంటే మూడు తుమ్ములు చాలు. ఏ చిన్నకుక్కో ముందు లేస్తే పది దాకా పడాలి. ఇది విని మా అప్ప నా వంక చూసింది. మా ఇంట్లో ఏ పనికైనా బావ ఒక్కసారి గొంతు సవరిస్తే చాలు. నేను ఎన్నిసార్లు తుమ్మినా ఎవరూ లేవరు.

ఆ కుక్కల దగ్గర ఇంకో పద్ధతి ఉంది. వేట దొరికాక ముందు పిల్లలు తింటాయి. పెద్దవి పక్కన నిలబడి కాపలా కాస్తాయి. మన విందుల్లో మొదటి బంతి పిల్లలకి వేసినట్టు. బొరియ దగ్గర పిల్లలకి తోడుగా ఆగిపోయిన కుక్కకి, వేటకెళ్ళినవి పొట్టలో మోసుకొచ్చి, కక్కి పెడతాయి. పార్సెలు కట్టే తీరు అంత బాగోదు గానీ, మర్చిపోకుండా తెస్తాయి కదా.

"బాగుందిరా, ఇంత చూడ్డానికి టిక్కెట్టెంత?" అని అడిగాను. వాడు చెప్పాడు. ఆ అంకె ఇక్కడ చెప్పను. మా వైపు ఆ డబ్బుకి తోట కౌలుకొస్తుంది. తోటతోపాటు ఎలుగు ఉచితం.

ఇక మా ఎలుగు సంగతికొస్తాను. ఉద్యానవనం అన్న మాటే అరిగి ఉద్దానం అయిందంటారు. సోంపేట, కంచిలి, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస, మామిడి. మధ్యలో గుట్టలు, మొగలిపొదలు. పళ్ళు, చెదపుట్టలు, తేనెపట్లు. ఎలుగుకి ఇంతకంటే ఏం కావాలి? ఇక్కడ అడవి వేరూ ఊరు వేరూ కావు. అదే తోటలో పగటి షిఫ్టు మాది, రాత్రి షిఫ్టు దానిది. చిక్కంతా షిఫ్టు మారే వేళల్లోనే.

ఈ జంతువుకి జరిగిన అన్యాయం ఒకటి చెప్పాలి. 18వ శతాబ్దం చివర జార్జి షా అనే ఇంగ్లీషు పండితుడు దీని పొడుగాటి గోళ్ళూ, ముందుపళ్ళు తక్కువుండడమూ చూసి, దక్షిణ అమెరికా చెట్లకి తలకిందులుగా వేలాడే స్లాత్ అనే సోమరి జంతువుకి చుట్టం అనుకున్నాడు. అలాగే పేరు పెట్టేశాడు. తరవాత అది ఎలుగేనని తేలింది. ఇంగ్లీషులో మాత్రం 'స్లాత్ బేర్' అన్న పేరు అతుక్కుపోయింది. బళ్ళో వెనకబెంచీ కుర్రాడికి ఒకసారి 'బద్ధకస్తుడు' అని పేరు పడితే, వాడు కలెక్టరైనా ఊళ్ళో ఆ పేరు పోదు, అదీ అంతే. దాని పనితనం చూస్తే ఎవరూ ఆ మాట అనరు. పై దవడలో ముందు రెండు పళ్ళు ఉండవు. చెదపుట్ట పగలగొట్టి, ముక్కుపుటాలు మూసుకుని, పెదాలు గొట్టంలా చాచి, ముందు మట్టి ఊదేస్తుంది, తరవాత చెదల్ని పీల్చేస్తుంది. ఆ చప్పుడు వంద గజాల దూరానికి వినబడుతుంది. మా నాన్న రాత్రి తోటలో కాపలా పడుకున్నప్పుడు, "ఎవడ్రా అర్ధరాత్రి మోటారు ఏసినాడు?" అని కేకేశాడట. మోటారు ఆగిపోయింది.

తల్లి ఎలుగు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకు తిరగడం మా వైపు చాలామంది చూసిందే. ఎలుగు జాతులన్నిటిలో ఇలా మోసే అలవాటు దీనికే. భుజాల మధ్య జుట్టు ఒత్తుగా ఉంటుంది, పిల్లలు దాన్ని పట్టుకుంటాయి. మామూలుగా రెండు పిల్లలు. ముందు సీటు ఒకదానిది, వెనక సీటు ఇంకొకదానిది. చోటు కోసం వీపు మీదే కొట్టుకుంటాయి. ఒకటి జారుతుంది, మళ్ళీ ఎక్కుతుంది, అన్నని తోస్తుంది. తల్లి చలించదు. పలాస నుంచి మందస వెళ్ళే ఆటోలో కిటికీ వైపు కోసం పేచీ పెట్టే ఇద్దరు గుంటలూ, మధ్యలో సంచి ఒళ్ళో పెట్టుకుని ఏమీ పట్టనట్టు కూర్చున్న తల్లీ నాకు గుర్తొస్తారు. పెద్దదానిలో మూడోవంతు ఎదిగేదాకా కొన్ని పిల్లలు దిగవు. అన్నన్ని నెలలు మొయ్యాలి పాపం.

ఎలుగుల భక్తి గురించి కూడా మా వైపు కథలకి కొదవలేదు. రాత్రిపూట గుళ్ళోకి దూరి దీపాల నూనె తాగేస్తాయి, కొబ్బరిచెక్కలు తినేస్తాయి. బళ్ళో మధ్యాహ్న భోజనం సరుకులుండే గదుల తలుపులు విరగ్గొట్టడమూ ఉంది. నేను పనిచేసిన ఒక బళ్ళో పొద్దున్నే చూస్తే నూనె డబ్బా ఖాళీ, పప్పు బస్తా ఒరిగిపోయి ఉంది, హాజరుపట్టీ మీద నూనె పాదం ముద్ర. ఆ రోజు హాజరు పూర్తిగా సరిపోయింది.

నవ్వుకుంటున్నాం గానీ, ఇది నవ్వులాట కాని రోజులున్నాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు దాడిలో ఒక మనిషి ప్రాణం పోయింది, ఇంకొందరు గాయాల పాలయ్యారు. పట్టుబడిన ఆ ఎలుగూ బతకలేదు. ఎలుగుకి చూపు తక్కువ, వినికిడీ అంతంతే, ముక్కే దానికి దిక్కు. గాలి మనకి ఎదురైతే దానికి వాసన కూడా అందదు. తలెత్తి చూసేసరికి మనిషి పది అడుగుల్లో ఉంటాడు. పులులతో కలిసి బతికిన జాతి, పారిపోవడం కంటే కలబడడమే దానికి తెలిసిన విద్య. దీనికి తోడు 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా చెట్లని నేలమట్టం చేసింది. మాకు తోటలు పోయాయి, వాటికి చాటు పోయింది. అందుకే దగ్గు. రేకుడబ్బా మోత. పాట వచ్చినవాడు పాట. ఎలుగు అంటే తెలుగులో గొంతు అని కూడా అర్థం ఉంది. ఎలుగున్న చోట ఎలుగెత్తాలి, మా తోటల్లో వ్యాకరణం అంతే.

ఇప్పుడు బారువ ఇసకలోకి రండి. ఇక్కడ మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది. శీతాకాలం చివర రాత్రుళ్ళు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. గొయ్యి తవ్వి, నూరు గుడ్ల దాకా పెట్టి, ఇసక కప్పి, ఆ తరవాత తల్లి చేసే పని చూడాలి. ఒంటిని ఆ పక్కకీ ఈ పక్కకీ ఊపుతూ డిప్పతో ఇసకని దబదబ దిమ్మిస్తుంది. కొత్తింటి మట్టినేల చదును చేసే మేస్త్రీకి ఏమీ తీసిపోదు. పని అయ్యాక వెనక్కి చూడకుండా సముద్రంలోకి వెళ్ళిపోతుంది. మనకి ఉత్తరాన గంజాం జిల్లా రుషికుల్య మొగ దగ్గర 2025 ఫిబ్రవరిలో దాదాపు 7 లక్షల తాబేళ్ళు ఇలా వచ్చాయి. అది పుష్కరాల జనం. మాకు వచ్చేవి నెమ్మదస్తులు, ఒంటరిగా వచ్చి వెళ్ళేవి. శ్రీకూర్మం దేవుడున్న జిల్లా కాబట్టి తాబేలుని చూస్తే మా మత్స్యకారులు ముందు దండం పెడతారు. నక్కలూ కుక్కలూ తవ్వేయకుండా గుడ్లని కంచె వేసిన ఇసకలోకి మార్చి, పొదిగాక పిల్లల్ని నీళ్ళలోకి వదిలే పనిలోనూ వాళ్ళున్నారు.

ఒకటిన్నర, రెండు నెలలకి గుడ్లు పగులుతాయి. ఇసక లోపల ఏం జరుగుతుందో తెలుసా? పైనున్న పిల్ల కప్పు గీరుతుంది. పక్కవి గోడలు గీరుతాయి. రాలిన ఇసకని కిందివి తొక్కుకుంటూ పైకి లేస్తాయి. అంటే లిఫ్టు తయారుచేసుకుని అందులోనే ఎక్కి వస్తాయి. అన్నీ అలిసి పడుకుంటాయి. అడుగున ఉన్న ఒకడు ఊపిరాడక కాళ్ళాడిస్తాడు, పైవాడికి ఆ తాపు తగులుతుంది, వాడు ఇంకొకణ్ణి తన్నుతాడు, మళ్ళీ పని మొదలు. ఆర్చీ కార్, హెరాల్డ్ హిర్త్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కోస్టారికాలో పచ్చతాబేలు గుడ్లని ఒక్కొక్కటే విడిగా పాతి చూశారు. 1961లో ఆ సంగతి రాశారు. ఒంటరి పిల్లల్లో సుమారు నాలుగోవంతే ఇసక పైకి రాగలిగాయి. పదేసి కలిపి పాతితే దాదాపు అన్నీ వచ్చేశాయి. ఉమ్మడి కుటుంబంలో ఒకణ్ణొకడు తన్నుకోవడం వల్ల కూడా ఉపయోగం ఉంటుందని మా పెదనాన్న అనేవాడు. ఆయన తాబేళ్ళ గురించి అనలేదు లెండి.

టెక్కలి పక్కన తేలినీలాపురం చూడనివాళ్ళు ఒకసారి చూడండి. సెప్టెంబరు, అక్టోబరు వేళకి గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ వచ్చి ఊరి నడుమ చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. వేసవి ముదిరేలోగా పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోతాయి. మేత నౌపడ ఉప్పునీటి తంపరల్లో. ఇవి సైబీరియా నుంచి వస్తాయని ఏటా పేపర్లు రాస్తాయి, మేమూ పిల్లలకి అలాగే చెప్పాం. తప్పు చెప్పాం. ఈ రెండూ మన దక్షిణాసియా పక్షులే, ఇక్కడిక్కడే చోటు మారతాయి. దూరపు చుట్టమంటే గౌరవం ఎక్కువని మనమే వాటికి సైబీరియా అంటగట్టాం.

నేను పిల్లల్ని జనవరిలో తీసుకెళ్ళేవాణ్ణి. కింద నిలబడితే పైన అచ్చం అద్దెకొంపల సందు. ఒక మగ కొంగ కష్టపడి పుల్ల తెస్తుంది. భార్యకిచ్చి, ఇంకోటి తేవడానికి వెళ్తుంది. పక్కగూటి కొంగ మెడ చాచి, ఎటో చూస్తున్నట్టు నటిస్తూ, ఆ పుల్లని నెమ్మదిగా లాగేస్తుంది. గుంపుగా గూళ్ళు కట్టే పక్షుల్లో ఈ పుల్లల దొంగతనం ఉన్నదే. దొంగిలించిన పుల్లని ఇంకో పక్కవాడు దొంగిలిస్తాడు. ఒకే పుల్ల మూడిళ్ళు తిరగడం మా పిల్లలు లెక్కపెట్టారు. పెద్ద కొంగలకి గొంతు దాదాపు పెగలదు, అందుకని తగువొస్తే ముక్కులు టకటక కొట్టుకుంటాయి. పిల్లల గొంతు మాత్రం ఊరంతా వినాల్సిందే.

గూడబాతు పిల్లల అలక ఇంకా గొప్పది. తల్లి నోటికింద సంచిలోకి తల మొత్తం దూర్చి చేప తింటాయి. అంతటితో అయితే బాగుండును. చాలా గూడబాతు జాతుల్లో పిల్లలు, తిండికి ముందో తరవాతో, ఉన్నట్టుండి విరుచుకు పడతాయి. తల నేలకేసి కొట్టుకుంటాయి, తన రెక్కని తనే కొరుక్కుంటాయి, గిరగిర తిరిగి మూర్ఛపోయినట్టు చతికిలబడతాయి. కాసేపటికి ఏమీ ఎరగనట్టు లేచి కూర్చుంటాయి. ఎందుకు చేస్తాయో శాస్త్రవేత్తలు రకరకాలుగా చెబుతారు. నాతో వచ్చిన ఐదో తరగతి పిల్ల ఒక్కమాటలో తేల్చేసింది. "మా సిన్నోడూ అంతే మేస్టారూ, మా నాన్న సూస్తన్నాడంటే మరీ దొర్లతాడు."

ఇక మా ఉప్పుటేళ్ళ బురదగట్ల మీద ఒక డెక్క చిన్నదీ ఒక డెక్క పెద్దదీ ఉండే పీతలుంటాయి. మగపీత ఆ పెద్ద డెక్క ఊపుతూ నిలబడుతుంది, బస్సుని ఆపినట్టు. వాటి బంధువుల మీద ఆస్ట్రేలియాలో చేసి 2004లో ప్రచురించిన పరిశోధన చదివి నాకు భలే ముచ్చటేసింది. పొరుగున ఉన్న బక్కపీత బొరియ మీదికి బయటి పీత దండెత్తి వస్తే, కండగల పీత తన బొరియ వదిలిపెట్టి వచ్చి పొరుగువాడి తరఫున కొట్లాడుతుంది. ప్రేమ వల్ల కాదట. పాత పొరుగువాడితో గట్టు తగువు ఎప్పుడో తెగిపోయింది. కొత్తవాడొస్తే మళ్ళీ మొదట్నుంచి తగువాడాలి, పైగా వాడు వీడికంటే బలంగా ఉంటాడు. పొలం గట్టున్నవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంతకీ మా మేనల్లుడు. జీడిపిక్కలు ఏరే రోజులు కదా, వాడు వీడియోలు చూపించిన మర్నాడు చీకటితోనే అప్ప తోటకి బయల్దేరాం. వాడు రేకుడబ్బా పట్టుకోలేదు, ఫోను పట్టుకున్నాడు. ఎలుగు కనిపిస్తే వీడియో తీస్తాడట. "నీ ఒకవాంగోలో జీపులో కూర్చుంటావు, ఇక్కడ కాళ్ళ మీదుంటావు, గుర్తుంచుకో" అన్నాను. తోట మొదట్లో నిలబడి ఖళ్ళుమని దగ్గాను.

అవతల నుంచి దగ్గు వినిపించింది.

నా ఒళ్ళు జల్లుమంది. వాడు "మావయ్యా, అదేనా?" అని గుసగుసలాడాడు. చెయ్యెత్తి ఆగమన్నాను. మళ్ళీ దగ్గాను, ఈసారి కొంచెం గట్టిగా, నేను పెద్ద మనిషినని తెలిసేలా. అవతల నుంచీ అంతే గట్టిగా వచ్చింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అటువైపూ ఆకులు గలగలమన్నాయి. అలా ఎంతసేపు నిలబడ్డామో, తూరుపు తెలుపెక్కింది. జీడికొమ్మల సందులోంచి ముందు రేకుడబ్బా, తరవాత తలపాగా కనిపించాయి. పక్కతోట రైతు, వరసకి నాకు బావమరిది.

"ఓరి నాయనో, మీరా మేస్టారూ! ఎలుగనుకోని సెట్టెనకాల అలగే నిలబడిపోనాను. నా పిక్కలన్నీ కాకులెత్తుకుపోనాయి."

మా వాడు ఆ చీకట్లో బొమ్మ రాకపోయినా చప్పుడంతా రికార్డు చేశాడు. గాబరోన్ వెళ్ళాక ఆఫీసులో వినిపించాడట. అక్కడివాళ్ళు అడవుల్లో పుట్టి పెరిగినవాళ్ళు, చెవిదగ్గర పెట్టుకుని శ్రద్ధగా విన్నారట. రెండు జంతువులున్నాయి, ఒకదానికి వయసు మళ్ళింది, ఇది ఏ జాతి అని అడిగారట.

"మా మావయ్య" అని చెప్పాట్ట.